డెంగీ అంటువ్యాధా? పనమ్మాయిని గేటు దగ్గర ఆపడం న్యాయమా?

మారతహళ్ళి_మూడో_అంతస్తు: బెంగళూరులో మా కాంప్లెక్సులో పనిచేసే అమ్మాయి కొడుక్కి డెంగీ. వాడికి తగ్గేదాకా ఆమెను లోపలికి రానివ్వొద్దని మీటింగులో తేల్చారు. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటుకోదండీ, ఏడిస్ దోమ కుట్టాలి. ఆమె గిన్నెలు తోమితే మనకేం వస్తుంది?

బి_బ్లాక్_పద్మ: అంటుకోకపోతే 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ఎందుకు ప్రకటించింది? పోయిన వానాకాలం మా అంతస్తులో వరసపెట్టి మంచమెక్కారు. మా పాపకు ప్లేట్‌లెట్లు పడిపోయి రాత్రంతా ఆసుపత్రి కారిడార్‌లో కూర్చున్నాను. ఆ భయం మీకు తెలియదు.

చిత్తూరు_చిన్నోడు: బొప్పాయి ఆకు రసం పట్టించండి.

మారతహళ్ళి_మూడో_అంతస్తు: పద్మగారూ, అక్కడ అంటువ్యాధి అంటే ‘ఎపిడెమిక్’, ఒకేసారి చాలామందికి వచ్చే జబ్బని; ముట్టుకుంటే అంటుకుంటుందని కాదు. ఆ ప్రకటనతో వచ్చినవి జరిమానాలు. నీళ్ళు నిలవబెట్టి దోమల్ని పెంచితే నగరాల్లో ఇంటికి 400 రూపాయలు. రోగి ఇంటివాళ్ళని వెలేయమని అందులో లేదు. ఏడిస్ దోమ ఎక్కువ దూరం ఎగరదు. మీ అంతస్తులో వరసగా వచ్చిందంటే దోమ మన దగ్గరే పుట్టింది.

బి_బ్లాక్_పద్మ: పిల్లాడిని కుట్టిన దోమ ఆమె సంచిలో రాదని రాసిస్తారా?

ల్యాబ్‌లో_పని: జ్వరం మొదలైన నాలుగైదు రోజులు రోగి రక్తంలో వైరస్ బాగా ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమ కూడా వెంటనే అంటించలేదు, 8 నుంచి 12 రోజులు పడుతుంది. పిల్లాడిని పగలు కూడా దోమతెరలో ఉంచమని చెప్పండి. తల్లికి జ్వరం లేదు కదా.

బి_బ్లాక్_పద్మ: అందరూ డాక్టర్లే! రేపు మా పాపకు మళ్ళీ వస్తే మీరొచ్చి కూర్చుంటారా? రెండోసారి వస్తే ఇంకా ప్రమాదమట.

మారతహళ్ళి_మూడో_అంతస్తు: ప్రమాదమే, కాదనను. అందుకే అడుగుతున్నా, మీ బ్లాక్ సంపు మూత ఎప్పుడు వేయిస్తారు? నిన్న టార్చి వేసి చూశాను. నీటి మీద తలకిందులుగా వేలాడుతున్న పురుగులు, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. ఆ అమ్మాయిని ఆపడానికి ఒక్క మీటింగు చాలింది, మూతకి మాత్రం ఎన్ని మీటింగులైనా చాలడం లేదు!

బి_బ్లాక్_పద్మ: అద్దెకున్నవాళ్ళు ఎన్నయినా చెబుతారు. మెయింటెనెన్స్ పెరిగితే కట్టేది ఓనర్లం. ఇప్పటికే లిఫ్టుకి కట్టాం.

మారతహళ్ళి_మూడో_అంతస్తు: అదీ సంగతి. ఖర్చు మీద పడకూడదని ఆమె మీద పడ్డారు. ఆ రోజుల జీతం ఎవరిస్తారు?

ల్యాబ్‌లో_పని: కుండీల కింద ప్లేట్లు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా వారానికోసారి ఒంపి తుడవండి.

బి_బ్లాక్_పద్మ: మూత సంగతి ఆదివారం మీటింగులో పెట్టండి, చెయ్యెత్తుతాను. ఆమె విషయంలో మాత్రం నా మాట మారదు. జీతం కోయను.

మారతహళ్ళి_మూడో_అంతస్తు: మీరు కోయరు సరే. మిగతా ఇళ్ళవాళ్ళ చేత కూడా ఇక్కడే చెప్పించండి.