అప్‌డేట్: చలికి మొరాయించిన డీజిల్ పికప్ దారికొచ్చింది

చింతపల్లి చలికి మా డీజిల్ పికప్ పొద్దున్నే స్టార్ట్ కావట్లేదని, సెల్ఫ్ కొడితే తెల్ల పొగ తప్ప ఏమీ రావట్లేదని అడిగాను కదా. మీరన్నట్టే హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడిచేసేవి) విప్పి మీటర్ పెట్టాం. 4లో 2 పూర్తిగా పోయాయి, అన్నీ మార్చేశాం. పొగ తగ్గింది గానీ ఇంజిన్ ఇంకా బద్ధకంగానే తిరిగింది. మెకానిక్ ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చల్లేవి) దించుదామన్నాడు, నేను ఒప్పుకోలేదు.

బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య మీటర్ పెట్టి సెల్ఫ్ కొడితే 1.5 వోల్టులు! అర వోల్టు దాటకూడదట, దాటితే ఆ దారిలో కరెంటుకి అడ్డు ఉన్నట్టే. చూస్తే ఆ రెంటినీ కలిపే ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు. గీకి, బిగించాం. ఇప్పుడు డాష్‌బోర్డులో హీటర్ లైట్ ఆరాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోంది. ఎర్త్ చూడమన్న అన్నకి థ్యాంక్స్. డీజిల్ ఫిల్టర్ జోలికి ఇంకా పోలేదు.