మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కొలెస్ట్రాల్ తగ్గాలంటే వ్యాయామమా, మాత్ర చాలా?

గుంటూరు కుర్రాడు:
మా అమ్మకి 58 ఏళ్ళు. మొన్న లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 238, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 260, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 150 వచ్చాయి. చూసిన డాక్టరుగారు కొలెస్ట్రాల్ మాత్ర రాసి, రోజూ అరగంట నడవాల్సిందే అన్నారు. ఎముకల డాక్టరుగారేమో మోకాళ్ళలో గుజ్జు అరిగింది, నడక తగ్గించమన్నారు. అమ్మ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగుతోంది. ఎవరి మాట వినాలి?

సాగరతీరం:
ఎముకల డాక్టరు మాటే వినండి. మా నాన్న కొలెస్ట్రాల్ తగ్గుతుందని కాలనీ సిమెంటు రోడ్డు మీద రోజూ గంటసేపు నడిచారు. మూడు నెలలకి కుడి మోకాలు వాచిపోయి నీరు తీయించాల్సి వచ్చింది. మాత్ర ఉండగా పెద్దవాళ్ళని ఇలా బాధపెట్టడం ఎందుకు?

రిటైర్డ్ మాస్టారు:
నేను ఒప్పుకోను బాబూ. నాకు 63, రెండు మోకాళ్ళూ అరిగినవే. మీ నాన్నగారి దగ్గర జరిగిన పొరపాటు గట్టి రోడ్డు మీద ఒకేసారి గంటసేపు నడవడం, అంతేగానీ వ్యాయామం చేయడం కాదు. అసలు కదలకుండా కూర్చుంటే తొడ కండ నీరసించి భారమంతా కీలు మీదే పడుతుంది. నేను నడక మానేసి ఇంట్లో తొక్కే సైకిల్ పట్టాను. మొదటి పది రోజులూ నొప్పే, ఎందుకంటే సీటు బాగా కిందికి పెట్టుకున్నాను. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా ఫిజియో అమ్మాయి సీటు పైకి లేపింది, ఆ రోజు నుంచే తేడా తెలిసింది. 5 నిమిషాలతో మొదలుపెట్టి ఇప్పుడు పూటకి 15 నిమిషాలు తొక్కుతున్నాను. తొక్కాక రెండు గంటలు దాటినా నొప్పి ఎక్కువగానే ఉంటే మర్నాడు తగ్గిస్తాను. ఐదు నెలల్లో ట్రైగ్లిజరైడ్స్ 290 నుంచి 180కి దిగాయి, హెచ్‌డీఎల్ 35 నుంచి 39కి పెరిగింది. ఎల్‌డీఎల్ మాత్రం దాదాపు అక్కడే ఉంది, అందుకే మాత్ర ఆపలేదు. మీ అమ్మగారికి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, వ్యాయామం బాగా పనిచేసేది సరిగ్గా అక్కడే.

సాగరతీరం:
మీకు సైకిల్ ఉంది, నేర్పడానికి ఫిజియో ఉన్నారు. పొద్దున్నుంచీ వంటింట్లో నిలబడే ఆడవాళ్ళ సంగతేంటి?

బెజవాడ ఫిజియో:
వాళ్ళకి కుర్చీ చాలండి. కుర్చీలో కూర్చుని కవాతు చేసినట్టు కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఎత్తుతూ, చేతులు కూడా బాగా ఊపాలి, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. పది నిమిషాలు చొప్పున రోజుకి మూడుసార్లు, వారానికి ఐదు రోజులు చేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. తొడ కండ కోసం మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, ఇలా పదిసార్లు. గొంతుక్కూర్చోవడం, వజ్రాసనం మాత్రం వద్దు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది, కాబట్టి రాత్రి అన్నం కూడా తగ్గించండి, ట్రైగ్లిజరైడ్స్‌కీ అది మంచిదే. ఇంకోమాట, కొలెస్ట్రాల్ మాత్రతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, దాన్ని కీళ్ళ నొప్పి అనుకుని మాత్ర మానేయకుండా డాక్టరుకి చెప్పండి.

సాగరతీరం:
కుర్చీ వరకూ ఒప్పుకుంటాను. వాపు ఉన్నప్పుడు మాత్రం ఎవరినీ నడిపించొద్దు, అది మా ఇంట్లో కళ్ళారా చూశాను.

గుంటూరు కుర్రాడు:
ఇప్పుడే సీరియల్ చూస్తుండగా అమ్మ చేత చేయించాను. ఎనిమిది నిమిషాలకి ఆయాసం వచ్చింది గానీ మోకాలు నొప్పెట్టలేదంది. సోమవారం ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం, సైకిల్ తొక్కొచ్చా అని అడిగి, సీటు ఎత్తు సంగతి కూడా ఆయన్నే అడుగుతాను.