కాయిలింగ్ తర్వాత వచ్చే చిక్కులను ముందే అంచనా వేయగలమా?

మా అమ్మకు 62 ఏళ్లు. మెదడు రక్తనాళంలో 7 మిల్లీమీటర్ల ఉబ్బు బయటపడింది, ఇంకా పగల్లేదు. పుర్రె తెరవకుండా, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టలతో ఆ ఉబ్బును నింపుదామంటున్నారు; దీన్నే కాయిలింగ్ అంటారు. నేను కూర్చుని ఫేజెస్ స్కోరు లెక్కవేశాను. తీరా చూస్తే అది ఐదేళ్లలో ఉబ్బు పగిలే అవకాశాన్ని చెప్పేదే తప్ప, చికిత్స వల్ల వచ్చే చిక్కులను కాదు! నా భయమంతా వాటి గురించే: రక్తం గడ్డకట్టి పక్షవాతం రావడం, మధ్యలోనే ఉబ్బు పగలడం. ఉబ్బు మెడ, అంటే అది రక్తనాళంతో కలిసే చోటు, వెడల్పుగా ఉంది కాబట్టి స్టెంటు కూడా పెట్టాల్సి రావచ్చట. అప్పుడు గడ్డకట్టకుండా రెండు మందులు వాడాలి; అమ్మకేమో పాత కడుపుపుండు. వయసు, ఉబ్బు ఉన్న చోటు, మెడ వెడల్పు, బీపీ కలిపి ఒక్క మనిషికి వర్తించే అంచనా ఎవరికైనా ఇచ్చారా? డాక్టరును ఏ అంకెలు అడగాలి? ఆయన సొంత ఫలితాలు అడిగితే నొచ్చుకుంటారా?