ఇంగ్లండ్‌లో పచ్చళ్ల షాపు: లిమిటెడ్ కంపెనీ పెడితే సొంత ఇల్లు నిజంగా భద్రమేనా?

గోంగూర_రీడింగ్:
నమస్కారం అండీ. రీడింగ్‌లో ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి వాట్సాప్ ఆర్డర్ల మీద అమ్ముతున్నాం. కౌన్సిల్‌లో ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉంది. నాది డిపెండెంట్ వీసా. ఇప్పుడు చిన్న షాపు చూశాం. అయిదేళ్ల లీజు, ఏడాదికి 18,000 పౌండ్ల అద్దె. లీజు కంపెనీ పేరు మీద తీసుకుంటే నష్టం వచ్చినా ఇంటి జోలికి ఎవరూ రారని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏజెంటేమో నా పర్సనల్ గ్యారంటీ కావాలంటున్నాడు. లీజు "1954 యాక్టు బయట" ఉంటుందని కూడా అన్నాడు. సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి? షాపులో అమ్మే సీసాల లేబుళ్లకు రూల్స్ మారతాయా?

లీజు_లెక్కలు:
గ్యారంటీ ఇచ్చాక, ఆ అద్దె వరకు కంపెనీ ఉన్నా లేనట్టే. ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

కంపెనీ వేరు, యజమాని వేరు అన్న సూత్రం 1897లో సాలమన్ కేసులో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ స్థిరపరిచింది. షేర్లు దాదాపు అన్నీ ఒక్కడి చేతిలోనే ఉన్నా, కంపెనీ అప్పులు కంపెనీవే అని తేల్చింది. ల్యాండ్‌లార్డులకు ఈ సంగతి బాగా తెలుసు. కొత్త కంపెనీ ఖాతాలో ఏమీ ఉండదు కాబట్టే మీ సంతకం అడుగుతారు. రెండేళ్లు నడిచి కంపెనీ మూతపడితే మిగిలేది మూడేళ్ల అద్దె, అంటే 54,000 పౌండ్లు. దాని మీద సర్వీస్ చార్జీ, రిపేర్లు. అవన్నీ మీ సొంత జేబులోంచే.

బేరానికి సరైన సమయం హెడ్స్ ఆఫ్ టర్మ్స్ దశ, అంటే లీజు రాయకముందు ముఖ్యమైన షరతులు అనుకునే దశ. అప్పుడు మూడు అడగండి. గ్యారంటీ బదులు ఆరు నెలల అద్దె, అంటే 9,000 పౌండ్లు, డిపాజిట్‌గా ఇస్తామనండి. ఒప్పుకోకపోతే గ్యారంటీకి అదే 9,000 పరిమితి పెట్టించండి. మూడో ఏట లీజు వదులుకునేలా బ్రేక్ క్లాజు రాయించండి. ఈ క్లాజులో షరతులు ఎన్ని తక్కువుంటే అంత మంచిది. "అద్దె బాకీ ఉండకూడదు" వరకు ఫర్వాలేదు. "లీజులోని అన్ని నిబంధనలూ పాటించి ఉండాలి" అని రాస్తే మాత్రం ఒప్పుకోకండి, గోడకు రంగు వేయలేదన్న సాకుతో బ్రేక్ చెల్లదంటారు. ఇంగ్లీష్ కోర్టులు ఇక్కడ అక్షరాలా చదువుతాయి. నోటీసు నీలి కాగితం మీద ఇవ్వాలని క్లాజులో ఉంటే గులాబీ కాగితం మీద ఇచ్చింది పనికిరాదని 1997లో మన్నాయ్ కేసులో జడ్జి లార్డ్ హాఫ్‌మన్ ఉదాహరణగా చెప్పారు.

ఇంకొకటి. గ్యారంటీ నోటిమాటగా చెల్లదు. రాతలో ఉండి సంతకం ఉండాలని 1677 నాటి స్టాట్యూట్ ఆఫ్ ఫ్రాడ్స్ చెబుతుంది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. కానీ ఈమెయిల్ కూడా రాతే, కింద టైప్ చేసిన పేరు సంతకమే అవుతుందని 2012లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ తేల్చింది. కాబట్టి ఏజెంటుకు "సరే, గ్యారంటీ ఇస్తాను" అని మెయిల్ కొట్టకండి. ప్రతి మెయిల్ పైన "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" (ఒప్పందం మీద సంతకం అయ్యేదాకా ఏదీ ఖాయం కాదని) అని పెట్టండి.

దివాలా_డెస్క్:
పైన చెప్పినదానికి ఒక చేర్పు. కంపెనీ రిజిస్టర్ కాకముందే దాని పేరు మీద దేని మీదా సంతకం చేయకండి. కంపెనీస్ యాక్ట్ 2006 సెక్షన్ 51 ప్రకారం ఆ ఒప్పందం మీ మీదే పడుతుంది. ఫ్రిజ్ ఆర్డరైనా, షాపు బోర్డు ఆర్డరైనా అంతే. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ మీద తేదీ చూశాకే పెన్ను తీయండి. 2025 నవంబరు 18 నుంచి డైరెక్టర్లకు గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి కాబట్టి అది ముందే చేయించుకోండి. వీసా సంగతి: డిపెండెంట్‌కు సొంత వ్యాపారం చేసుకునే వీలుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్న బంధువును మాత్రం డైరెక్టర్‌గా పెట్టకండి.

గ్యారంటీ లేకపోయినా సొంత ఆస్తికి ముప్పు వచ్చే దారులున్నాయి. దివాలా చట్టం, అంటే ఇన్సాల్వెన్సీ యాక్ట్ 1986, సెక్షన్ 214 వాటిలో ఒకటి. ఇక కంపెనీ గట్టెక్కే దారి లేదని తెలిశాక, లేదా తెలిసి ఉండాల్సిన స్థితి వచ్చాక కూడా సరుకు అప్పు మీద తెస్తూ పోతే, ఆ తర్వాత పెరిగిన నష్టాన్ని డైరెక్టర్ కట్టాలని కోర్టు ఆదేశించవచ్చు. అప్పులవాళ్ల నష్టం తగ్గించడానికి చేయాల్సినవన్నీ చేశామని చూపించగలిగితేనే బయటపడతారు. అందుకే కష్టకాలంలో నెలనెలా ఒక పేజీ రాసి పెట్టుకోండి: బ్యాంకులో ఎంత, ఎవరికెంత బాకీ, ఎందుకు కొనసాగిస్తున్నాం.

మనవాళ్లు తరచూ చేసే తప్పు మరొకటి. షాపు మూసే ముందు బావమరిది ఇచ్చిన చేబదులు తీర్చేసి, నూనె సప్లయర్‌ని వదిలేస్తారు. అదే చట్టం సెక్షన్ 239 కింద, దగ్గరివాళ్లకు అలా చెల్లించిన డబ్బు రెండేళ్లు వెనక్కి వెళ్లి మరీ లిక్విడేటర్ (మూతపడ్డ కంపెనీ ఆస్తులు, అప్పులు తేల్చేవాడు) అడగవచ్చు. బయటివాళ్లకైతే ఆరు నెలలే. పైగా డైరెక్టర్‌గా 2 నుంచి 15 ఏళ్ల దాకా అనర్హత పడొచ్చు.

కంపెనీల రిజిస్ట్రార్ (కంపెనీస్ హౌస్)కు ఏటా పంపాల్సిన అకౌంట్లు ఆలస్యమైతే జరిమానా: నెలలోపు 150 పౌండ్లు, మూడు నెలలలోపు 375, ఆరు నెలలలోపు 750, అది దాటితే 1,500. వరసగా రెండో ఏడాదీ ఆలస్యమైతే రెట్టింపు. మొదటి అకౌంట్లకు కంపెనీ పుట్టిన తేదీ నుంచి 21 నెలలుంటుంది, తర్వాతి వాటికి కంపెనీ లెక్కల ఏడాది ముగిశాక 9 నెలలే.

లేబుల్_అక్క:
నేను లేబుళ్ల సంగతి చెబుతాను. షాపు వెనక మీరే సీసాలో నింపి అదే కౌంటర్‌లో అమ్మితే, 2021 అక్టోబరు నుంచి ప్రతి సీసా మీదా పదార్థం పేరు, పూర్తి దినుసుల జాబితా ఉండాలి. చట్టం పేర్కొన్న 14 అలర్జీ దినుసుల్లో ఏది ఉన్నా బోల్డ్‌లోనో, మరోలానో కొట్టొచ్చినట్టు కనబడాలి. జాబితా ఇంగ్లీషులో ఉండాలి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. అక్షరం కూడా కొలతే: చిన్న ఎక్స్ అక్షరం ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు.

మన పచ్చళ్లలో ఈ అలర్జీలు ఎక్కువే. ఆవపిండి ఒకటి, నువ్వుల నూనె ఇంకొకటి. పల్లీ నూనె వాడితే రిఫైన్డ్ అయినా పల్లీల కిందే లెక్క. చాలామంది వదిలేసేది ఇంగువ. డబ్బా తిప్పి చూడండి, చాలా బ్రాండ్లలో గోధుమ పిండి కలుస్తుంది. అంటే మీ పచ్చడి లేబుల్‌లో గోధుమ రాయకపోతే అది తప్పుడు లేబుల్. బ్రాండ్ మార్చిన రోజే లేబులూ మార్చాలి.

ఇక్కడ కంపెనీ అడ్డం రాదు. ఫుడ్ సేఫ్టీ యాక్ట్ 1990 సెక్షన్ 36 ప్రకారం, నేరం డైరెక్టర్ నిర్లక్ష్యం వల్ల జరిగితే కంపెనీతో పాటు డైరెక్టర్ మీదా కేసు పెట్టవచ్చు. "తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాం" అనేది చట్టం ఇచ్చిన వాదన. దాన్ని నిలబెట్టేది కాగితమే: బ్యాచ్ నంబరు, తేదీ, దినుసుల బ్రాండ్లు, ఎవరు నింపారు.

వాట్సాప్ ఆర్డర్లకైతే అలర్జీ వివరం డబ్బు తీసుకోక ముందు ఒకసారి, సరుకు ఇచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి ఇవ్వాలి. షాపు కొత్త చిరునామాను తెరవడానికి 28 రోజుల ముందే కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయండి, ఇంటిది దానికి సరిపోదు. సాయానికి ఒక్క మనిషిని పెట్టుకున్నా 50 లక్షల పౌండ్ల ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో గాయమైన ఉద్యోగికి పరిహారం కోసం) ఉండాలి. లేకపోతే రోజుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా.

గోంగూర_రీడింగ్:
మీ అందరికీ ధన్యవాదాలు. నిన్ననే వాడిన ఇంగువ డబ్బా చూశాను అక్కా, గోధుమ పిండి ఉంది. లేబుళ్లు మళ్లీ ప్రింట్ చేయిస్తున్నాను. ఆ 1954 యాక్టు ఒక్కటీ చెప్పండి.

లీజు_లెక్కలు:
ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 1954 కింద, గడువు ముగిసినా అద్దెదారుకు కొత్త లీజు అడిగే హక్కుంటుంది. చట్టంలో రాసిన కారణాలుంటేనే ల్యాండ్‌లార్డ్ కాదనగలడు: అద్దె పదేపదే ఆలస్యం కావడం, కట్టడం కూల్చి కట్టడం, తానే వాడుకోవడం వంటివి. "బయట" అంటే ఆ హక్కు మీరు వదులుకున్నట్టు. అయిదేళ్ల తర్వాత తాళం ఇచ్చి వెళ్లిపోవాలి, మీరు పెంచుకున్న గిరాకీ ఆ వీధిలోనే ఉండిపోతుంది.

వదులుకోవడానికి పద్ధతి ఉంది. ల్యాండ్‌లార్డ్ ముందుగా హెచ్చరిక నోటీసు ఇవ్వాలి. లీజుకు 14 రోజులు అంతకంటే ముందే ఇస్తే మామూలు డిక్లరేషన్ చాలు, అంతకన్నా తక్కువ వ్యవధిలో ఇస్తే వేరే సొలిసిటర్ ముందు ప్రమాణం చేసి స్టాట్యుటరీ డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ కాగితం చేతికి వస్తే ఆ రోజే సంతకం చేయకండి. గ్యారంటీ కూడా ఇచ్చి, బ్రేక్ క్లాజూ లేక, ఈ హక్కూ వదులుకోవడం అన్నిటికన్నా చెడ్డ బేరం. మీ కేసులో నేనైతే ముందు గ్యారంటీ పరిమితి కోసం గట్టిగా పట్టుబడతాను, తర్వాత బ్రేక్ క్లాజు. ఆ రెండూ దొరికితే 1954 హక్కు వదులుకున్నా తట్టుకోవచ్చు.