అప్‌డేట్: స్ట్రౌడ్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాలా అని అడిగాను కదా

2023లో మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హ్యూస్టన్ టెక్సన్స్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయినప్పుడు అడిగాను: కోచ్ స్లోవిక్ తెచ్చిన అఫెన్స్ (బంతితో దాడి చేసే పద్ధతి) కొత్తది, పాస్‌లు వేస్తూ ఆ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్ కూడా కొత్త కుర్రాడే, కొన్నాళ్లు ఆగి ఆడించొచ్చు కదా అని. ఓపిక పట్టమన్నవాళ్లే కరెక్ట్.

నవంబర్ 5, టాంపా బేతో మ్యాచ్. 46 సెకన్లే ఉన్నాయి, 4 పాయింట్లు వెనకబడ్డాం. టెన్షన్‌తో ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం. స్ట్రౌడ్ మాత్రం తొణకలేదు. జట్టును 75 యార్డులు ముందుకు నడిపించి, 6 సెకన్లుండగా సహచరుడు ట్యాంక్ డెల్‌కి టచ్‌డౌన్ (6 పాయింట్ల స్కోరు) పాస్ వేశాడు! ఆ ఒక్క రోజే పాస్‌లతో 470 యార్డులు, రూకీల్లో (మొదటి ఏడాది ఆటగాళ్లలో) రికార్డు.

అంతకుముందు ఏడాది మూడే గెలుపులు. 2023లో పది, పైగా డివిజన్ (లీగ్‌లో మా గ్రూపు) టైటిల్. ఆటలోనే నేర్చుకుంటాడని అప్పుడు నాకు ధైర్యం చెప్పినవాళ్లందరికీ థాంక్స్.