పసిపిల్లలున్న ఇంట్లో ఫైటింగ్ రోబో పని: ఇప్పుడే చేయాలా, కొన్నేళ్లు ఆపాలా?

నట్టుబోల్టు (హైదరాబాద్):
మా బాబుకి నాలుగేళ్లు, పాపకి ఎనిమిది నెలలు. పోటీల్లో తిరిగే బ్లేడుతో ఎదుటి రోబోని కొట్టే ఫైటింగ్ రోబో, 1.36 కిలోల బీటిల్‌వెయిట్ తరగతిది, డిజైన్ చేస్తున్నాను. పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో క్యాడ్ పని (డిజైన్ బొమ్మలు గీయడం) చేసుకుంటాను, దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇక గ్రైండర్, సోల్డరింగ్, లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీల ఛార్జింగ్ మొదలవ్వాలి. పిల్లలు పెద్దయ్యేదాకా ఆపెయ్యమని ఇంట్లో అంటున్నారు. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనేమో. మీరేమంటారు?

వసుధ (న్యూజెర్సీ):
ఆపమనే అంటాను. మావారు ఇక్కడ అమెరికాలో నార్వాక్ ఊళ్లో జరిగే ఫైటింగ్ రోబో పోటీలకి ఇదే బరువు తరగతిలో రోబో చేశారు. ఎన్ని గంటలు పట్టిందన్నది పెద్ద విషయం కాదండీ. అసలు బాధ పోటీకి ముందు వారం. మోటారు వేగాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్ కాలిపోతుంది, కొత్తది టైముకి రాదు. ఆ వారమంతా మనిషి అన్నం ముందు కూర్చున్నా ధ్యాసంతా బెంచీ మీదే. పిల్లలు రెండుసార్లు పిలిస్తేగానీ పలకరు.

కోఠి మెకానిక్:
వసుధ గారూ, ఆ వారం టెన్షన్‌లో చాలా భాగం డిజైన్‌లోనే తగ్గించుకోవచ్చు. మోటార్లు, కంట్రోలర్లు కనెక్టర్లతో కలిపితే విడిభాగం మార్చడం నిమిషాల పని. నేరుగా సోల్డర్ చేస్తే ఒక రాత్రి పోతుంది. స్క్రూలన్నీ ఒకే సైజు పెట్టండి. కంట్రోలర్ కొన్న రోజే రెండోదీ కొనండి. ఛాసిస్ టీపీయూతో (రబ్బరులా వంగే ప్లాస్టిక్) 3డీ ప్రింట్ చేస్తే దెబ్బకి వంగి మళ్లీ నిలబడుతుంది, గట్టి ప్లాస్టిక్ పీఎల్ఏ అయితే పగులుతుంది.

నట్టుబోల్టు గారూ, నా సలహా అయితే ఇంకా చిన్న తరగతి, 454 గ్రాముల యాంట్‌వెయిట్‌కి దిగండి. బ్లేడు బయట కట్ చేయించుకుంటే ఇంట్లోకి గ్రైండరే రాదు. అయినా చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. బ్లేడు వేగం రెట్టింపైతే అందులోని శక్తి నాలుగింతలవుతుంది. పాలికార్బొనేట్ (పగలని పారదర్శక ప్లాస్టిక్) పెట్టె లేకుండా తిప్పొద్దు, పని లేనప్పుడు బ్లేడు కదలకుండా పెట్టే లాక్ తీయొద్దు. లిపోలు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచండి. అందరూ పడుకున్నాక మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, ఎంత తొందరున్నా సరే.

వసుధ:
కనెక్టర్లు మంచివే. కానీ "ఎవరికీ ఇబ్బంది లేదు" అని నట్టుబోల్టు గారు రాశారే, అక్కడే నాకు అభ్యంతరం. ఎనిమిది నెలల పాప రాత్రి రెండింటికి లేస్తే ఎవరు లేస్తున్నారు? ఒంటిగంట దాకా క్యాడ్ చేసిన మనిషికి మెలకువ రాదు. ఆ గంటలు వాళ్లావిడ నిద్రలోంచి వస్తున్నాయి.

మినీసుమో (విశాఖ):
పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేయాలంటే మినీ సుమో చూడండి, రెండు రోబోలు తమంతట తామే ఒకదాన్నొకటి రింగు బయటికి తోసుకునే పోటీ. పది సెంటీమీటర్ల చదరం, 500 గ్రాములు, 77 సెంటీమీటర్ల రింగు. బ్లేడు ఉండదు. మా అమ్మాయి సెన్సర్ ముందు చెయ్యి అడ్డం పెట్టి రోబోని తిప్పుతుంటుంది.

కోఠి మెకానిక్:
సుమో మంచిదే, కాకపోతే అందులో ఎక్కువ భాగం ప్రోగ్రామింగ్. ఈయన ఇష్టం మెకానికల్ వైపు. ఇష్టం లేని పని పదిరోజుల్లో మూలన పడుతుంది.

నట్టుబోల్టు:
వసుధ గారి మాట చదివి మా ఆవిడని అడిగాను. రాత్రి క్యాడ్ వద్దంది. ఆదివారం పొద్దున నాకు, సాయంత్రం పూర్తిగా తనకి అని ఒప్పందం. ఆపడానికి మాత్రం మనసొప్పడం లేదు, యాంట్‌వెయిట్‌కే మారుతున్నాను. ఒకటి రెండు బ్లేడులైనా కట్ చేసిచ్చే లేజర్ షాపు బాలానగర్ వైపు ఎవరికైనా తెలుసా?