రబౌల్‌లో లక్షమంది శత్రువుల్ని వదిలేసి ముందుకెళ్లడం ఎలా కుదిరింది?

పర్లాకిమిడి_పాఠకుడు:
రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1943లో పసిఫిక్ సముద్రంలోని న్యూ బ్రిటన్ దీవిలో, రబౌల్ రేవులో జపాన్‌కు దాదాపు లక్షమంది సైనికులున్నారు. అమెరికావాళ్లు వాళ్ల జోలికెళ్లకుండా పక్కనుంచి దాటిపోయారు. వెనక అంత సైన్యాన్ని పెట్టుకుని ఎవరైనా ముందుకు కదులుతారా? నేల మీద యుద్ధానికీ దీవుల యుద్ధానికీ లెక్క అంత తేడానా?

రాయగడ_అన్న:
నేల మీదా వదిలేశారు తమ్ముడూ. 1944లో ఫ్రాన్సులో డన్‌కర్క్ రేవును జర్మన్లకే వదిలి మిత్రసేనలు ముందుకెళ్లాయి. అది 1945 మేలో గానీ లొంగలేదు. ఇందులో సముద్రం గొప్పేముంది?

గోపాల్‌పూర్_స్టోర్‌బాబు:
రాయగడ అన్నగారూ, ఆ డన్‌కర్క్ చుట్టూ ఒక చెకోస్లోవాక్ బ్రిగేడ్ నెలల తరబడి కాపలా కాసింది కదా. లేకపోతే లోపలివాళ్లు నడిచి బయటికొచ్చేవారు. రబౌల్ వాళ్లు ఎక్కడికి నడుస్తారు? 1943 నవంబర్ 1న అమెరికన్లు దగ్గర్లోని బూగన్‌విల్ దీవిలో దిగారు, అక్కడ రన్‌వేలు వేసి రబౌల్ మీద బాంబులేశారు. రేవుకు ఓడలు రావడం ఆగాక అక్కడివాళ్లు కూరగాయల మళ్లు వేసుకుని యుద్ధం అయ్యేదాకా ఉండిపోయారు.

నేను నేవీలో పదిహేనేళ్లు స్టోర్స్‌లో చేశాను. తుపాకి పట్టిన రోజులకన్నా బియ్యం బస్తాలు లెక్కపెట్టిన రోజులే ఎక్కువ. అందుకే నాకు ఈ యుద్ధాలన్నీ సరుకు దించే గొడవలాగే కనిపిస్తాయి. ఓడలో ముందు కావలసింది ఆఖరున ఎక్కించాలి. ఒకసారి నీళ్ల పంపు సామాను అడుగున పడేసి, దాని కోసం పైనున్న పెట్టెలన్నీ డెక్ మీదికి తీయించాను. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి. అదే యుద్ధంలో అయితే?

అదే పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి చూడండి. 1942 ఆగస్టు 7న మెరైన్లు, అంటే ఓడల్లోంచి ఒడ్డుకు దిగి పోరాడే అమెరికా సైనికులు, దిగారు. రెండో రాత్రి సావో దీవి దగ్గర మిత్రపక్షం క్రూయిజర్లు (పెద్ద యుద్ధనౌకలు) నాలుగు మునిగాయి. మర్నాడు సరుకు ఓడలు సగం దించకుండానే వెళ్లిపోయాయి. ఒడ్డున మిగిలినవాళ్లు జపాన్ వాళ్లు వదిలేసిన బియ్యం వండుకుని, రోజుకు రెండు పూటలతో సరిపెట్టుకున్నారు. తర్వాత జపాన్ వాళ్ల గతి ఇంకా ఘోరం. పగలు విమానాల భయం, అందుకని రాత్రిపూట డిస్ట్రాయర్లనే వేగంగా పోయే యుద్ధనౌకల్లో వచ్చి, తిండి నింపిన డ్రమ్ములు తాళ్లతో కట్టి నీళ్లలో వదిలేవారు. డిసెంబరులో ఒక రాత్రి 1,500 డ్రమ్ములు వదిలితే ఒడ్డున చేతికందినవి 310.

ఇక ఒడ్డు సంగతి. మా తాత మసూలా పడవకు తెడ్డు వేసేవాడు. పలకలకు మేకులుండవు, కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. ఓడ దూరంగా ఆగేది, ఆ మధ్యలో అలలు దాటించడమే వాళ్ల పని. 'ఓడ ఎవరైనా తెస్తారు, ఒడ్డెక్కించడం మా పని' అని మీసం తిప్పేవాడు. పసిఫిక్‌లోనే తరావా అనేచోట అమెరికన్లు సరిగ్గా అక్కడే దెబ్బతిన్నారు. 1943 నవంబర్ 20, చంద్రుడు సగమున్న రోజులు. అష్టమి ప్రాంతంలో పోటు బలంగా రాదని మా వాడలో పిల్లలకీ తెలుసు. పడవలకు నాలుగు అడుగుల నీళ్లు కావాలి, పగడపు దిబ్బ మీద అంత లేవు. దాంతో మెరైన్లు వందల గజాలు నీళ్లలో నడిచారు, ఎదురుగా మెషీన్ గన్‌లు. మూడు చదరపు కిలోమీటర్లయినా లేని దీవి కోసం మూడు రోజుల్లో దాదాపు వెయ్యిమంది అమెరికన్లు పోయారు. రబౌల్‌ని ఎందుకు వదిలారో దీంతో అర్థమవుతుంది.

రాయగడ_అన్న:
కాపలా సంగతి ఒప్పుకున్నాను. నేను దాని గురించి ఆలోచించలేదు.

పర్లాకిమిడి_పాఠకుడు:
బాబాయ్, ఇప్పుడు హెలికాప్టర్లున్నాయి కదా? అలలతో పనేంటి?

గోపాల్‌పూర్_స్టోర్‌బాబు:
హెలికాప్టర్లూ ఓడలోనే రావాలి బాబూ. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధంలో మే 25న బ్రిటన్ సరుకు ఓడ అట్లాంటిక్ కన్వేయర్‌కు క్షిపణి తగిలింది. నాలుగు చినూక్‌లలో (బరువులు మోసే పెద్ద హెలికాప్టర్లు) మూడు దాంతోపాటే పోయాయి. నాలుగోది అప్పటికి గాల్లో ఉంది కాబట్టి బతికింది. చాలామంది సైనికులు వీపున మూటలతో ఆ బురద దీవి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. గుడారాలు కూడా ఆ ఓడలోనే పోయాయి.